పూత వేళ ఎండ ఏం చేస్తుంది: పావు ఎకరం జొన్న చేను డైరీ

1వ రోజు

నిరుడు వానలు బాగానే పడ్డాయి. చేను నిండుగా ఎదిగింది. కంకులు బయటపడ్డాక చూసినవాళ్లంతా ఈసారి మీకు తిండికి లోటు లేదన్నారు. తీరా కోసి కొడితే సగానికి సగం తాలు. నీళ్లు చాలక ఎండిన చేను ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. ఇది అలా లేదు. ఆకు వాడలేదు, కాండం ఎండలేదు, గింజ మాత్రం పట్టలేదు. పూత వేళ నాలుగైదు రోజులు వడగాడ్పు కొట్టిందని అమ్మకు గుర్తుంది. ఏ రోజున, ఎన్ని డిగ్రీలు, అప్పటికి చేను ఏ దశలో ఉంది అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే ఈసారి మొదటి రోజు నుంచీ రాస్తున్నాను.

మేం పండించేది మేం తినడానికే. ప్రపంచంలోని పొలాల్లో 84 శాతం 2 హెక్టార్ల లోపువేనని, సాగుభూమిలో 12 శాతం మాత్రమే వాటి చేతిలో ఉన్నా మొత్తం ఆహారంలో మూడో వంతు దాకా అక్కడే పండుతోందని 2021లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క. అలాంటి చేనుకు రికార్డు దిగుబడి అక్కర్లేదు. ఏ ఏడాదీ చేతులు ఖాళీగా ఉండకూడదు, అంతే. ఏర్పాటంతా ఆ లెక్కనే పెట్టుకున్నాం.

పావు ఎకరాన్ని పొడవునా నాలుగు మడులు చేశాం. ఒకటో మడి ఎప్పటిలాగే, ఉత్త నేల. రెండో దాంట్లో నేల మీద ఎండుగడ్డి పరుస్తాం. మూడో దాంట్లో గుంటలు తీసి, ఎరువు వేసి, గుంటల్లోనే విత్తుతాం. నాలుగో దాంట్లో గుంటలూ ఉంటాయి, గడ్డీ ఉంటుంది. ప్రతి మడినీ అడ్డంగా మూడు ముక్కలు చేసి, రెండేసి వారాల తేడాతో మూడుసార్లు విత్తుతాం. జొన్న సాళ్ల మధ్య అలసంద. చుట్టూ గట్టు వెంట రెండు సాళ్లు సజ్జ. పూత వేళ 40 దాటినా సజ్జ కొంతవరకు గింజ కట్టగలదు, జొన్న అంత ఓర్చుకోలేదు.

మొక్కజొన్న ఈసారి మానేశాం. నాన్నకు ఇష్టం లేకపోయినా ఒప్పించాను. ఆఫ్రికాలో జరిగిన 20,000కు పైగా మొక్కజొన్న ప్రయోగాల లెక్కలు తీసి 2011లో ప్రచురించారు. 30 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీ ఒక్కో రోజు ఉంటే దిగుబడి 1 శాతం తగ్గింది. బెట్ట కూడా తోడైతే 1.7 శాతం. మా ఎండలకు ఆ లెక్క కట్టి చూపించాక నాన్న ఇంకేం మాట్లాడలేదు.

4వ రోజు

నేలలో గుచ్చే థర్మామీటర్లు నాలుగు వచ్చాయి. ముందుగా నాలుగింటినీ ఒకే బకెట్ నీళ్లలో ముంచి చూశాను. మూడు ఒకేలా చూపించాయి, నాలుగోది 2 డిగ్రీలు ఎక్కువ చెప్పింది. దాని మీద గుర్తు పెట్టి, అది చెప్పిన దాంట్లోంచి 2 తీసేసి రాస్తున్నాను. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ఈ బకెట్ పరీక్ష మాత్రం మానకండి. లేకపోతే మడి తేడా ఏదో, థర్మామీటర్ తేడా ఏదో తెలియదు.

మధ్యాహ్నం 2 గంటలకు నీడలో గాలి 41. ఉత్త నేలలో 5 సెంటీమీటర్ల లోతున 49. నమూనాగా గడ్డి పరిచిన చోట అదే లోతున 37. నాన్న నమ్మలేదు. థర్మామీటర్ తీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ తనే గుచ్చి చూశాడు. తర్వాత అరచెయ్యి ముందు ఉత్త నేల మీద పెట్టి, ఆ వెంటనే గడ్డి కింద పెట్టాడు. "విత్తనం ఉండేది ఇక్కడేగా" అన్నాడు.

వాతావరణ కేంద్రాల కొలత నేలకు మీటరుంపావు నుంచి 2 మీటర్ల ఎత్తున, నీడలో తీస్తారు. అన్నిచోట్లా ఒకేలా పోల్చుకోవడానికి ఆ పద్ధతి అవసరమే. విత్తనానికి మాత్రం దాంతో పని లేదు. సజ్జలాంటి మొండి పంటకే నేల పైపొర 45 దాటితే మొలక దెబ్బతింటుంది.

12వ రోజు

గుంటలు తీస్తున్నాం. ఒక్కో మడికి 300, రెండు మడులకు 600. వెడల్పు ఒక జానెడు కన్నా కాస్త ఎక్కువ, లోతు 15 నుంచి 20 సెంటీమీటర్లు. తీసిన మట్టిని పల్లం వైపు చిన్న అర్ధచంద్రంలా పెడతాం, పై నుంచి పారే నీరు గుంటలోకి దిగడానికి. అడుగున రెండు దోసిళ్ల పశువుల ఎరువు.

బుర్కినా ఫాసోలో జాయ్ అని పిలిచే పద్ధతి ఇది. 1980ల కరువులో యాకూబా సావడోగో అనే రైతు పాత గుంటలనే ఇంకా పెద్దవి చేసి, అందులో ఎరువు వేసి, గట్టిపడిపోయిన నేలను మళ్లీ సాగులోకి తెచ్చాడు. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. 2023లో కన్నుమూశాడు. ఆ పద్ధతిలో నాకు నచ్చింది ఎరువుకు చెదలు రావడం. అవి గుంట అడుగున సొరంగాలు తవ్వుతాయి, వాన పడితే ఆ దారుల వెంట నీరు లోపలికి దిగుతుంది. చెదలంటే మందు చల్లాలనుకునే మాకు ఇది కొత్త.

అయితే ఈ గుంటలు తీయాల్సింది వానలకు ముందే, అంటే మంచి ఎండల్లోనే. ఇవాళ దాని సంగతి రాయాలి.

ఉదయం 6కి మొదలుపెట్టాం. 9 గంటలకు ఆపేద్దామన్నాను. ఈ వరస అయ్యేదాకా అన్నాడు నాన్న. పదిన్నర అయింది. గడ్డపార చప్పుడు ఆగితే తిరిగి చూశాను. గట్టు మీద కూర్చుని నీళ్ల క్యాన్ మూత తిప్పుతున్నాడు. అది తెరుచుకునే వైపు కాకుండా బిగిసే వైపు తిప్పుతున్నాడు. "నాన్నా, ఇటివ్వు" అంటే "ఎద్దులు కట్టేశావా?" అన్నాడు. మాకు ఎద్దులు లేక తొమ్మిదేళ్లయింది.

అమ్మా నేనూ కలిసి చెట్టు నీడకు తీసుకెళ్లాం. చొక్కా విప్పి తల మీదా ఒంటి మీదా నీళ్లు పోశాం. తడిబట్ట మెడకూ చంకల్లోనూ పెట్టాం. అమ్మ గమేళాతో విసురుతూనే ఉంది. కాసేపటికి నన్ను పేరుపెట్టి పిలిచాడు. మాట పూర్తిగా కుదురుకున్నాకే నీళ్లు తాగించాం. మాట తడబడే మనిషికి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు ఒళ్లు చల్లబరచాలి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మేం బండి కోసం ఫోన్ చేసి, అది వచ్చేదాకా తడుపుతూనే ఉన్నాం. డాక్టరు చూసి, ఇంకో అరగంట అయితే వేరేలా ఉండేదన్నారు. మూడు రోజులు చేను వైపు చూడొద్దన్నారు.

చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా రాస్తున్నాను. పంట ఎండను తట్టుకోవాలని ఇంత ఏర్పాటు చేసి, పని చేసే మనిషిని లెక్కలో పెట్టుకోలేదు. తప్పు నాది.

15వ రోజు

పని గంటలు మార్చాం. తెల్లవారుజామున 5 నుంచి 8 వరకు, మళ్లీ సాయంత్రం 5 తర్వాత వెలుగున్నంతసేపు. ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. చెమట బాగా పడితే లీటరు నీళ్లకు అర చెంచా ఉప్పు, 6 చెంచాల చక్కెర. కొత్తగా ఎండలోకి దిగే మనిషికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి మొదటి రోజే పూర్తి పని పెట్టుకోకూడదు. నాన్నకు ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఇంకో థర్మామీటర్ బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టి, గాలి తగిలే నీడలో వేలాడదీశాను. ఇది తడి ఉష్ణోగ్రత. చెమట ఆరి ఒళ్లు ఎంత చల్లబడగలదో ఇదే చెబుతుంది. ఇది 35కు చేరితే మనిషి శరీరం వేడిని వదిలించుకోలేదని చాలాకాలంగా లెక్క. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను గదిలో ఉంచి పరీక్షించి 2022లో ప్రచురించిన ఫలితాల్లో, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. నాన్న వయసు 61. అందుకే మేం 27 దగ్గర గీత గీసుకున్నాం. ఆ గీత ఏ పుస్తకంలోనూ లేదు, మా ఇంటి గీత. అది దాటితే గడ్డపార కింద పెట్టాల్సిందే.

ఈ పద్ధతిలో పొద్దుటికి 40 గుంటలకు మించి కావడం లేదు. పర్వాలేదు.

27వ రోజు

వాన పడింది, నేల పదునుకు వచ్చింది. మొదటి విత్తు. జొన్న గింజలను రాత్రంతా, సుమారు 10 గంటలు, నీళ్లలో నానబెట్టి, పొద్దున గుడ్డ మీద పైతడి ఆరబెట్టి విత్తాం. అలసంద 8 గంటలు. నానిన గింజ నేలలో నీటి కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు. పైపొర మళ్లీ కాగిపోయేలోపే వేరు కిందికి దిగుతుంది. గుంటకు ఐదు గింజలు, తర్వాత రెండు మొక్కలు ఉంచి మిగతావి తీసేస్తాం.

33వ రోజు

మొలకలు లెక్కపెట్టాం. ఉత్త నేలలో వందకు 58, గుంటల్లో 81. గడ్డి పరిచిన రెండో మడిలో 80కి పైగా ఉంటాయనుకుంటే 44.

గడ్డి ఎత్తి చూస్తే సంగతి తెలిసింది. గింజ మొలిచింది, బాగానే మొలిచింది. పైన గడ్డి మందంగా ఉండటంతో మొలక వెలుగు కోసం పక్కకు సాగి, తెల్లగా, దారంలా అయిపోయింది. సాలు వెంట అరచెయ్యి వెడల్పున గడ్డి పక్కకు జరపాలన్న సంగతి తోచలేదు. వెంటనే జరిపాం. వంగిన వాటిలో సగం తేరుకున్నాయి, మిగతాచోట మళ్లీ నాటాం. నాలుగో మడిలో గుంట నోటి దగ్గర గడ్డి ఎలాగూ వేయలేదు గనక అక్కడ ఈ గొడవ రాలేదు.

గడ్డి గురించి ఇంకో మాట. రెండు మడులకూ కలిపి 200 కిలోలు పట్టింది. అది మా ఆవుకు దాదాపు నెల మేత. నేల మీద గడ్డి పరచమని చెప్పేవాళ్లు ఆ గడ్డి ఎవరి నోటి దగ్గరిదో కూడా చూడాలి. ఆవు లేకపోతే గుంటల్లోకి ఎరువూ లేదు. గట్టు వెంట పిచ్చిమొక్కలు పూత పట్టకముందే కోసి కొంత సర్దుకున్నాం. వచ్చేసారి సగం అవే వాడాలి.

41, 55వ రోజులు

రెండో విత్తు, మూడో విత్తు అయ్యాయి. గట్టు మీద ఎప్పుడో నరికేసిన చెట్టు మొద్దు మళ్లీ చిగుర్లు వేసింది. నాన్న అలవాటుగా కొడవలి ఎత్తితే ఆపాను. నిటారుగా ఉన్న మూడు కొమ్మలు ఉంచి మిగతావి కోసేశాం. నైజర్‌లో 1983 నుంచి ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో రైతులతో చేయించింది ఇదే. మొక్కలు నాటడం పక్కన పెట్టి, నేలలో బతికే ఉన్న మొద్దులను ఎదగనిచ్చారు. అలా 50 లక్షల హెక్టార్ల మేర చెట్లు తిరిగి వచ్చాయి. మా మూడు కొమ్మలు నీడనివ్వడానికి ఇంకా ఏళ్లు పట్టినా మొదలంటూ పడింది.

70వ రోజు

అలసంద పూత రాలుతోంది. పగలు 36, 37కి మించలేదు, పదును ఉంది, పురుగు కనబడలేదు. ఎందుకో తెలియక రాత్రి 2 గంటలకు టార్చి పట్టుకుని చేనుకు వెళ్లాను. గాలి 28. ఆకుల మీద మంచు తడి లేదు. పొద్దున 5కి కూడా 27 దగ్గరే ఉంది.

అలసందకు పగటి ఎండ కన్నా రాత్రి వేడి పెద్ద శత్రువు. పువ్వు విచ్చడానికి వారం, పది రోజుల ముందు మొగ్గలో పుప్పొడి తయారవుతుంది. ఆ రాత్రులు వేడిగా ఉంటే పుప్పొడి పాడవుతుంది, పువ్వు పూసినా పిందె పట్టదు. వరికి కూడా రాత్రి వేడి చేటేనని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లోనే గమనించి 2004లో ప్రచురించింది. పంటకాలపు రాత్రి ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం దాకా తగ్గింది.

పగటి ఎండకు గడ్డి ఉంది, గుంట ఉంది, నీడ ఉంది. రాత్రి వేడిని ఆపడానికి రైతు చేతిలో ఏమీ లేదు. తట్టుకునే రకం వెతుక్కోవాలి, లేదా రాత్రులు చల్లబడే రోజుల్లో పూత వచ్చేలా విత్తాలి. ఈ ఒక్క పేజీ రాస్తుంటే గుండె బరువెక్కింది. అమ్మ మాత్రం ఆకులు కోసి పక్కన పెట్టింది. కాయ రాకపోయినా ఆకు కూరకు పనికొస్తుంది, తీగ ఆవుకు వెళుతుంది, వేళ్లు నేలకు నత్రజని ఇచ్చి పోతాయి.

87వ రోజు

మొదటి విత్తు జొన్న పూతకొచ్చింది. ఇవాళ్టి నుంచి నా అసలు పని. ప్రతి పొద్దునా కొత్తగా పూత మొదలైన కంకులకు దారం కడతాను, రోజుకో రంగు. ఏ రంగు ఏ తేదీదో పుస్తకంలో ఉంటుంది. జొన్న పూత కంకి కొసన మొదలై రోజుకు కొంత కొంత కిందికి దిగుతుంది. మొత్తం పూర్తవడానికి వారం దాకా పడుతుంది. పువ్వులు విచ్చేది ఎక్కువగా రాత్రి చివర, తెల్లవారేలోపు. టార్చి వెలుగులో పసుపు పుప్పొడి సంచులు వేలాడుతుంటే చూడటం చాలా బాగుంది.

99 నుంచి 103వ రోజు వరకు

వానల మధ్య బెట్ట. గాలి 40, 41, 42, 42, 40. మొదటి విత్తు అప్పటికే పాలు పోసుకుంటోంది. రెండో విత్తు సరిగ్గా నడిపూతలో ఉంది. మూడోది ఇంకా పొట్టకు రాలేదు.

సాయంత్రం గుంటల మడిలో వేలు పెడితే రెండు కణుపుల లోతున తడి తగిలింది. ఉత్త నేల మడిలో వేలు దిగలేదు. నీరుంటే ఆకు చెమట పట్టినట్టు నీటిని వదిలి తనను తాను చల్లబరుచుకుంటుంది. తడి ఉన్న మడిలో మధ్యాహ్నం కూడా ఆకులు విప్పుకునే ఉన్నాయి. ఉత్త నేలలో 11 గంటలకే ముడుచుకున్నాయి.

132వ రోజు

మొదటి విత్తు కోశాం. కంకులు బరువుగా ఉన్నాయి, తాలు కొద్దిగానే. ఈ ముక్క ఎండకు చిక్కకుండా తప్పించుకుంది.

145వ రోజు

రెండో విత్తు. ఒక కంకి అరచేతిలో పెట్టుకుని గింజ గింజా విడదీసి చూశాను. కొసన రెండు వేళ్ల మేర నిండు గింజలు. ఆ కింద నాలుగు వేళ్ల వెడల్పున చుట్టూరా తాలు, నలిపితే పొట్టు తప్ప ఏమీ రాలలేదు. అడుగున మళ్లీ గింజలున్నాయి, కాస్త చిన్నవి. దారం రంగు చూస్తే పూత మొదలైంది 97వ రోజున. కొస విచ్చేసరికి ఎండ ఇంకా ముదరలేదు. నడిమి భాగం విచ్చింది ఆ ఐదు రోజుల్లోనే.

నాన్నను పిలిచి చూపించాను. ఆయన ఏమీ అనకుండా ఇంకో కంకి తీసుకున్నాడు, ఇంకోటి, ఇంకోటి. అన్నిటికీ నడుం దగ్గర అదే పట్టీ, దారం రంగును బట్టి కాస్త పైకో కిందికో. నిరుటి తాలు సంగతి ఇప్పుడు అర్థమైంది. నిరుడు చేనంతా ఒకే రోజు విత్తాం, చేనంతా ఒకేసారి పూసింది, ఆ నాలుగైదు రోజులకు చేనంతా దొరికిపోయింది.

158వ రోజు

మూడో విత్తుకు ఎండ దెబ్బ తగల్లేదు గానీ చివరి వాన ఎగ్గొట్టింది. ఉత్త నేల ముక్కలో గింజ సన్నబడిపోయింది. గుంటలున్న ముక్కలు గట్టెక్కాయి.

మూడు విత్తులూ కలిపి కాటా వేశాం. ఉత్త నేల 11 కిలోలు, గడ్డి మడి 16, గుంటల మడి 20, రెండూ ఉన్న మడి 24. అలసంద కాయ నామమాత్రం. గట్టు మీది సజ్జ 6 కిలోలు ఇచ్చింది, తాలు దాదాపు లేదు. ఒక్క చేనులో ఒక్క ఏడాది లెక్క ఇది, దీన్నిబట్టి అందరికీ చెప్పలేను. మా వరకు మాత్రం వచ్చే ఏడు అన్ని మడుల్లోనూ గుంటలే. పాత గుంటలు అలాగే ఉన్నాయి, ఎరువు వేసి పై మట్టి తీస్తే చాలు, మళ్లీ అంత తవ్వకం లేదు. గడ్డి ఉన్నంతవరకే. మూడు విత్తులు తప్పనిసరి.

165వ రోజు

విత్తనం దాస్తున్నాం. సీసాలో పొడి ఉప్పు, దాని మీద గింజలు పోసి ఊపాను. పావుగంటకు ఉప్పు అద్దానికి అంటుకుంటే గింజలో ఇంకా తేమ ఉన్నట్టు. మొదటిసారి అంటుకుంది, ఇంకో మూడు రోజులు నీడలో ఆరబెట్టాం. ఇప్పుడు అంటడం లేదు. గింజలో తేమ 1 శాతం తగ్గిస్తే దాని ఆయువు ఇంచుమించు రెట్టింపవుతుంది, అందుకే తొందరపడలేదు.

నిన్న అమ్మ రెండో విత్తు కంకులన్నీ ముందేసుకుని కూర్చుంది. దారం ఉన్న 140 కంకుల్లో 133కి ఆ తాలు పట్టీ ఉంది. ఏడింటికి లేదు. కొస నుంచి అడుగు దాకా నిండుగా ఉన్నాయి. నాకు మొదట అనుమానం వచ్చింది, ఎండకు ముందో తర్వాతో పూసినవేమోనని. దారాలు చూశాను. ఏడూ 97, 98వ రోజుల్లో పూత మొదలైనవే. పక్క మొక్కలు తాలుపోయిన అదే ఎండలో ఇవి గింజ కట్టాయి. జొన్న ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది గనక ఆ గుణం పిల్లమొక్కల్లోకి వచ్చే అవకాశం బాగా ఉంది.

ఆ ఏడు కంకులనూ విడివిడిగా దులిపి, ఏడు చిన్న సీసాల్లో పోసి, మూతల మీద 1 నుంచి 7 దాకా అంకెలు రాశాను. నాలుగో సీసా కాస్త వెలితిగా ఉంది. వచ్చే ఏడు రెండో విత్తు వేళకు ఒక్కో సీసాకు ఒక్కో సాలు, పక్కన మామూలు విత్తనం ఒక సాలు. దారాలు ఇప్పుడే కొనిపెట్టాను.